చుట్టుదారిన నడిచిన నెల

నా చిన్నప్పుడు నేనాడిన ఒక అబద్ధం గురించి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. పెళ్ళయ్యాక మావారికి చెప్పలేదు. ఎవరి కోసం ఆడానో ఆ పక్కింటి అక్కకు కూడా చెప్పలేదు. అప్పటికే నాకు డైరీ రాసే అలవాటు ఉండేది. పాత నోటు పుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాలు చింపి, సూదీ దారంతో కుట్టుకుని, ఏ రోజు ఎవరు వచ్చి వెళ్ళారో, ఏ కథ చదివి ఏడ్చానో అన్నీ అందులో రాసుకునేదాన్ని. ఆ ఒక్క మాట మాత్రం అందులోనూ రాయలేదు. రాస్తే రేపెప్పుడో నేనే మళ్ళీ చదవాల్సి వస్తుందని భయం.

అప్పుడు మేము తార్నాకలో ఉండేవాళ్ళం. యూనివర్సిటీలో అరవై తొమ్మిది నాటి పెద్ద ఉద్యమం రావడానికి ముందటి ఎండాకాలం అది. నాకు పన్నెండేళ్ళు. నాలుగు వాటాల పెంకుటింట్లో ఒక వాటా మాది, గోడ అవతలి వాటా అక్క వాళ్ళది. అక్కది భువనగిరి దగ్గర ఒక పల్లె. మెట్రిక్ పాసయి, టైపు నేర్చుకుని, యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాల కార్డులు టైపు చేసే పని సంపాదించుకుంది. అది టెంపరరీ ఉద్యోగం. కొన్ని నెలలకోసారి ఆఫీసులో పేర్ల జాబితా తయారయ్యేది. అందులో పేరుంటే ఇంకొన్ని నెలలు పని ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆమె భర్త, నేను బావ అని పిలిచే ఆయన, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. పొద్దున సైరన్ మోగే వేళకు సైకిలెక్కి వెళ్ళిపోయేవాడు. ఊళ్ళో బావ వాళ్ళ నాన్న తవ్వించిన బావిలో నీళ్ళు పడలేదు. ఆ అప్పుకు బావ జీతంలో సగం పోయేది. మిగిలిన సగానికి అక్క జీతం తోడైతేనే వాళ్ళ పొయ్యి వెలిగేది.

నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. చుట్టాలొస్తే తలుపు వెనక నిలబడేదాన్ని. "ఈ పిల్లకు నోరుందా లేదా" అని అందరూ అనేవారు, అక్క తప్ప. అక్క లైబ్రరీ నుంచి టైపులో తప్పు పడిన కార్డులు తెచ్చి నా చేతిలో పెట్టేది. ఒకవైపు పుస్తకం పేరు, రాసినవారి పేరు, ఒక అక్షరం తారుమారై ఉండేవి. వెనక తెల్లగా ఉండేది. వెనక వైపు రాసుకోమని ఆమె ఇచ్చేది, నేను మాత్రం ముందు వైపే పదేపదే చదివేదాన్ని. ఎన్నడూ చూడని పుస్తకాల పేర్లు చదివి, లోపల ఏముంటుందో ఊహించుకుంటూ నిద్రపోయేదాన్ని.

మా వీధి చివర, యూనివర్సిటీకి వెళ్ళే రోడ్డు మీద, చిట్టీ నడిపే ఒక పెద్దమ్మ ఉండేది. ఆమె భర్త రైల్వేలో పనిచేసి పోయాడు. పిల్లలు లేరు. ఎత్తు మనిషి, గట్టి గొంతు. పొద్దంతా వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని, దారిన పోయే ప్రతి ఒక్కరినీ పలకరించేది. ఆమె చిట్టీలో ఇరవై మంది ఆడవాళ్ళు. నెలలో మొదటి ఆదివారం సాయంత్రం అందరూ తలా ఇంత ఆమె ఇత్తడి పళ్ళెంలో వేసేవారు. వేలం పాడి ఒకరు ఆ మొత్తం ఎత్తుకునేవారు. ఎత్తుకున్న మనిషి చిట్టీ అయిపోయేదాకా నెలనెలా తన వంతు కడుతూనే ఉండాలి. కాగితం లేదు, సంతకం లేదు, జామీను లేదు. ఎవరి వంతైనా తక్కువైతే పెద్దమ్మే తన చేతి నుంచి వేసి పళ్ళెం నింపేది.

అక్కకు ఎనిమిదో నెలలో ఉండగా కాన్పు కష్టమవుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ ఆదివారమే అక్క చిట్టీ పాడి ఎత్తుకుంది. అవసరం ఉన్న మనిషి కదా, పాట బాగా తగ్గించుకుని చాలా నష్టానికే ఎత్తుకుంది. ఆపరేషను అయింది, పాప పుట్టింది, తల్లీబిడ్డలు ఇంటికి వచ్చారు. కానీ టెంపరరీ వాళ్ళకు కాన్పు సెలవుల్లో జీతం ఉండేది కాదు. ఒక నెల వంతు కట్టలేకపోయింది. ఆ తర్వాతి నెలదీ కట్టలేకపోయింది.

అప్పుడు జరిగింది ఆ అబద్ధం. ఒక మధ్యాహ్నం నేను మెట్ల మీద కూర్చుని చదువుకుంటున్నాను. అక్క లోపల పాపను పక్కలో వేసుకుని నిద్రపోతోంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. పెద్దమ్మ నల్ల గొడుగు వేసుకుని వచ్చి, నా ముందు ఆగింది.

"అక్క ఉన్నదా బిడ్డా?"

ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, మాట దానంతటదే వచ్చింది. "లేదు పెద్దమ్మా. తల్లిగారింటికి పోయింది."

"ఎప్పుడొస్తది?"

"తెల్వదు."

ఆమె ఒక నిమిషం అటూ ఇటూ చూసింది. మంచినీళ్ళడిగి తాగింది. గ్లాసు నాకిచ్చి, గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయింది. పరాయి మనిషితో నేను మాట్లాడిన మొదటి మాటే అబద్ధం కావడం నాకు ఎంతో కాలం బాధగా ఉండేది. అయినా ఆ పూట మాత్రం అక్కను కాపాడానని లోపల్లోపల పొంగిపోయాను. పెద్దమ్మ వచ్చి వెళ్ళిన సంగతి అక్కకు చెప్పనే లేదు.

ఇంకొన్నాళ్ళకు అక్క పనిలో చేరాల్సిన రోజు వచ్చింది. చేరకపోతే ఆ జాగాలో ఇంకొకరిని పెట్టుకుంటారు. పాపకు మూడో నెల. అక్క వాళ్ళ అమ్మ ఊళ్ళో మంచాన ఉంది, రాలేదు. బళ్ళకు సెలవులు కాబట్టి పాపను నేను చూసుకుంటానని అమ్మతో చెప్పాను. నా అంతట నేను ఏదైనా అడగడం అదే మొదలు, అమ్మ వెంటనే సరేనంది. లైబ్రరీ వెనక వేపచెట్టు కొమ్మకు పాత చీరతో ఉయ్యాల కట్టి పాపను పడుకోబెడితే, అక్క మధ్యలో రెండు మూడుసార్లు వచ్చి పాలిచ్చి వెళ్తుందని అనుకున్నాం.

మొదటి రోజు పొద్దున వీధి మలుపు దాకా వచ్చాక నా అబద్ధం గుర్తొచ్చింది. ఆ రోడ్డున వెళ్తే వరండాలో పెద్దమ్మ ఉంటుంది. ఊరికి పోయిందని నేను చెప్పిన అక్క ఆమె ఎదురుగానే నడిచి వెళ్తుంది. నేను ఆగి, "అక్కా, అటు దిక్కు పోదాం, ఆ తొవ్వల నీడ ఉంటది" అన్నాను. అటు వైపు లాలాగూడ రైల్వే క్వార్టర్లు. వాటి వెనక నుంచి చుట్టూ తిరిగి వెళ్తే యూనివర్సిటీ వెనక భాగంలో తేలతాం. నీడ ఏమీ లేదు అక్కడ. అది నాకూ తెలుసు, అక్కకూ తెలుసు. అక్క రోడ్డు వైపు చూసింది, నా వైపు చూసింది. పాపను భుజం మార్చుకుని నేను చూపిన దారి పట్టింది. ఆమె భయం ఆమెకుంది, నా భయం నాకుంది. ఒకరి భయం ఒకరికి చెప్పుకోకుండా ఒకే దారిన నడిచాం.

తిన్నగా వెళ్తే పావుగంట నడక. ఈ దారిన దాదాపు గంట. క్వార్టర్ల వెనక బొగ్గు బూడిద పోసిన కాలిబాట, చెప్పుల్లోకి నుసి వచ్చేది. ఆ తర్వాత పట్టాలు దాటాలి. గూడ్సు బండి వస్తే అది పోయేదాకా ఆగాలి. ఆపైన బండరాళ్ళూ సీతాఫలం పొదలూ. పాప మొహం మీద తడిగుడ్డ కప్పి నడిచేవాళ్ళం. లైబ్రరీలో పది గంటలకు హాజరు. పది దాటి పది నిమిషాలైతే రిజిస్టరు సూపరింటెండెంటు గదిలోకి వెళ్ళిపోయేది. ఆ తర్వాత వచ్చిన వాళ్ళ పేరు పక్కన ఎర్ర సిరా గుర్తు. మూడు గుర్తులకు ఒక రోజు జీతం కోత. పర్మనెంటు వాళ్ళకైతే సెలవులో పోయేది, అక్కకు సెలవులే లేవు.

రోజూ సాయంత్రం అక్క "రేపు ఇంకింత పొద్దుగాల ఎల్దాం" అనేది. పొద్దున్నే పాప పాలు కక్కేది, లేదా అప్పుడే నిద్రపోయేది. బయలుదేరేసరికి ఆ వేళే అయ్యేది. ఒకరోజు పట్టాల దగ్గర గూడ్సు బండి కోసం ఆగినప్పుడు, నేనేమీ అడగకుండానే అక్క చెప్పింది.

"జీతం రాంగనే పెద్దమ్మకు మూడు నెల్లది ఒక్కపారే పళ్ళెంల పెడ్త. అప్పుడు తలెత్తుకొని ఆ రోడ్డున పోదాం. ఉత్త చేతులతోని ఎట్ల పోవాలె?"

నేను తలూపాను. అదే సరైన మాట అనిపించింది. నాకు చేతకాని మాటలన్నీ అక్క చెప్పినప్పుడు సరైనవే అనిపించేవి.

జీతాల రోజు సాయంత్రం అక్క లైబ్రరీ వెనకకు వచ్చి, చెట్టు కింద నా పక్కన కూర్చుంది. చేతిలో కవరు ఉంది. దాన్ని విప్పలేదు. నాలుగు రోజుల జీతం కోశారని చెప్పింది. వచ్చే నెలలో జాబితా తయారవుతుందట. ఇలాగే ఆలస్యమైతే నీ పేరు రాయడం కష్టమమ్మా, నా చేతిలో ఏమీ లేదు అని హెడ్ క్లర్కు మెల్లగా చెప్పాడట. ఆయన కోపంగా చెప్పి ఉంటే బాగుండేదని అక్క అంది. మూడు నెలల వంతు అటుంచి, ఆ కవరులో ఉన్నది ఇంటికే చాలదు. పేరు పోతే ఇక ఏ నెలా ఏమీ ఉండదు. అక్క చాలాసేపు పాప పాదాలు పట్టుకుని కూర్చుంది.

ఆ సాయంత్రం కూడా చుట్టుదారినే బయలుదేరాం. పట్టాలు దాటి, క్వార్టర్ల వెనక మోరీ కాలువ గట్టు దగ్గరికి వచ్చేసరికి, గట్టు మీద నల్ల గొడుగు కనిపించింది. కింద పెద్దమ్మ కూర్చుని ఉంది. మా దారి సంగతి క్వార్టర్ల వాళ్ళెవరో చెప్పి ఉంటారు, మా కోసమే అంత దూరం నడిచి వచ్చి కూర్చుందని చూడగానే తెలిసిపోయింది. అక్క అడుగు ఆగిపోయింది. నేను అక్క వెనక్కి తప్పుకున్నాను.

"రాండ్రి రాండ్రి. నేనేమన్న పులినా?" అంది పెద్దమ్మ. తర్వాత అక్కను ఎగాదిగా చూసి, "మంచిగున్నవా బిడ్డా? ఊరికెల్లి ఎప్పుడొచ్చినవ్?"

"ఊరికా? నేనేడికి పోలే పెద్దమ్మా. ఆపరేషనైన కాన్నుంచి గీడనే ఉన్న."

పెద్దమ్మ చూపు అక్క భుజం మీది నుంచి నా మీదికి వచ్చింది. నేను నేల చూశాను. నుసిలో నా బొటనవేళ్ళు కనిపిస్తున్నాయి. ఇప్పుడు ఆమె ఒక్క మాట అంటే చాలు, అక్కకు నేనేం చేశానో తెలిసిపోతుంది. ఈ నెల రోజులూ ఎందుకు ఈ దారిన తిప్పానో తెలిసిపోతుంది. నాలుగు రోజుల జీతం ఎవరి వల్ల పోయిందో తెలిసిపోతుంది.

"గట్లనా," అంది పెద్దమ్మ, "ఎవలో అన్నట్టు యాదికున్నది. ముసల్దాన్నైతున్న గద, ఒకలి ముచ్చట ఇంకొకలికి కలిపేస్తున్న."

అంతే. ఆ మాట అక్కడితో వదిలేసింది. "ముందుగాల ఆ పోరినియ్యి ఇటు. మొఖమంత కందిపాయె" అని పాపను అందుకుని గొడుగు నీడలోకి తీసుకుంది. పాపను ఒళ్ళో సర్దుకోవడానికి ఆమె తల వంచినప్పుడు చూశాను. ఆమె చెవులకు ఎప్పుడూ ఉండే బంగారు కమ్మలు లేవు. రంధ్రాలు పూడుకుపోకుండా రెండు చీపురు పుల్లలు గుచ్చుకుని ఉంది.

అక్క కవరు తీసి ఆమె చేతిలో పెట్టింది. "నెల జీతం పెద్దమ్మా. మొత్తం తీస్కో. ఇంకా కొంచెం తక్కువైతది. అంత జమ చేసి నేనే వద్దామనుకున్న."

"ఎన్నటికి?"

పెద్దమ్మ కవరు తెరిచి చూసింది. "జీతం గింతేనా?"

"నాలుగు దినాలది కోసిన్రు. రోజు ఆలస్యమైతున్నదని."

"ఎందుకైతున్నది?"

అక్క మేము వచ్చిన దారి వైపు చూసింది. పెద్దమ్మ కూడా అటు చూసింది, పట్టాలనూ బండరాళ్ళనూ సీతాఫలం పొదలనూ. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. పాప ఒళ్ళో ఉండబట్టి ఒళ్ళంతా కదలకుండా బలవంతాన ఆపుకుంటూ నవ్వింది.

"అంటే నా మొఖం చూడొద్దని నాలుగు దినాల జీతం కట్టినవా? అదేదో నాకే కడితే నేనే అటు తిరిగి కూసుంటుంటి గదనే."

అక్కకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. కొంగు నోట్లో కుక్కుకుని గట్టు మీద ఆమె పక్కనే కూలబడింది.

తిరిగి వెళ్ళేటప్పుడు పెద్దమ్మ మమ్మల్ని పెద్ద రోడ్డునే తీసుకెళ్ళింది. గొడుగు కింద పాప, పక్కన అక్క, వెనక సంచీతో నేను. గుమ్మాల్లో కూర్చున్న ఆడవాళ్ళు చూశారు. పెద్దమ్మ ఒక్కొక్కరినీ తనే ముందుగా పలకరించి, "మా పిల్ల మళ్ళ నౌకరికి పోతున్నది" అని చెప్పుకుంటూ నడిచింది. అక్క మొదట తల దించుకుంది. నాలుగు ఇళ్ళు దాటాక తలెత్తింది. ఆ రోడ్డున నడవడానికి ఆమె ఎంత డబ్బు కావాలనుకుందో, అందులో ఒక్క రూపాయి కూడా పెద్దమ్మ ఇంకా తీసుకోలేదు.

వరండాలో మాకు మజ్జిగ ఇచ్చి, పెద్దమ్మ అక్కను అడగడం మొదలుపెట్టింది. కిరాయి ఎంత, కిరాణా కొట్టువాడికి ఎంత, పాపకు పాలడబ్బా ఎంత, బావ ఇంట్లో ఇచ్చేది ఎంత. "నువ్వు రాస్తవట గద, రాయి" అని నాతో అంది. నా సంచీలో ఉన్న తప్పు కార్డు ఒకటి తీసి వెనక వైపు రాశాను. అంకెలు వంకరగా పడ్డాయి. అన్నీ పోగా మిగిలేది ఎంతో తేలాక, ఆమె కవరులోంచి చిట్టీ వంతులో సగం మాత్రమే తీసుకుని మిగిలింది అక్క ఒళ్ళో పెట్టింది.

"సగమే ఇస్తే చిట్టీ ఎట్ల నడుస్తది పెద్దమ్మా?"

"తక్వైన సగం నేనేస్త. ఇన్నిదినాలు మొత్తం ఏసిన, ఇప్పుడు సగమే గద. నాకు లాభమే."

అప్పుడు అక్క ఆమె మొహం వైపు సరిగ్గా చూసింది. "కమ్మలేవి పెద్దమ్మా?"

"ముషీరాబాదుల సేటు కాడ కుదువల పన్నయి. లేస్తయి తియ్యి."

అక్క మజ్జిగ గ్లాసు కింద పెట్టేసింది. పెద్దమ్మ మళ్ళీ దాన్ని ఎత్తి ఆమె చేతికిచ్చింది. ఈసారి నవ్వలేదు.

"బాలింతవు, నీ కాడ పైసలు లేవని నాకెర్క లేదా బిడ్డా? లేకపోవుడు తప్పు కాదు. లేవని ముందుగాల చెప్తే నాలుగిండ్లు తిరిగి సదురుకుంటుంటి. ఆదివారం పొద్దుగూకినంక పళ్ళెంల తక్వైందని తెలిస్తే నా చెవులే ఇప్పాలె గద." మళ్ళీ తనే అంది, "ఒక్కటే మాట. రోజు గీ తొవ్వనే పో, గీ తొవ్వనే రా. ఉన్ననాడు ఉన్నంత ఇయ్యి. లేనినాడు లేవని చెప్పి పో. మొత్తం చేసుకొనే వస్తనని కూసోకు. అది ఎన్నటికి జమ కాదు, నువ్వు రావు."

అక్క వడ్డీ సంగతి ఎత్తబోయింది. పెద్దమ్మ విననట్టు పాప వేళ్ళు లెక్కపెడుతూ కూర్చుంది.

మర్నాటి నుంచి పెద్ద రోడ్డునే వెళ్ళాం. మేము కనిపించడం ఆలస్యమైతే పెద్దమ్మ వరండా మీదినుంచే అరిచేది, "ఇంకా జడలేసుకుంటున్నరా, తొమ్మిదిన్నరాయె" అని. తొమ్మిదీ నలభై అయిదుకే లైబ్రరీ మెట్ల దగ్గర ఉండేవాళ్ళం. రిజిస్టరు బల్ల మీదికి రాకముందే అక్క వెళ్ళి నిలబడుతోందని హెడ్ క్లర్కు నవ్వాడట. జాబితాలో అక్క పేరు ఉంది. చివరి నుంచి రెండోది అని చెబుతూ ఆమె నా చెయ్యి ఎంత గట్టిగా నొక్కిందంటే గాజు గుచ్చుకుంది.

జూన్‌లో మా బడి తెరిచారు. పాపను ఎవరు చూసుకుంటారని అక్క ఇంకా ఎవరినీ అడగనే లేదు, పెద్దమ్మే తన వరండాలో ఉయ్యాల కట్టించింది. తిన్నగా పావుగంట దారే కాబట్టి మధ్యాహ్నం అక్క వచ్చి పాలిచ్చి వెళ్ళేది. చుట్టుదారినే తిరుగుతూ ఉంటే ఈ వీలు ఒకటి ఉందని కూడా మాకు ఎన్నటికీ తెలిసేది కాదు.

బడికి వెళ్ళే మొదటి రోజు పాప గుడ్డల మూట ఇవ్వడానికి నేను ఒంటరిగా ఆ వరండాకు వెళ్ళాను. చాలా రోజులుగా మనసులో కూర్చుకున్న మాటలు ఆ రోజు చెప్పేద్దామనుకున్నాను. పెద్దమ్మ మూట విప్పి, పొత్తిగుడ్డలు ఒక్కొక్కటీ దులిపి మడత పెడుతూ నన్ను చూడకుండానే మాట్లాడింది.

"ఆనాడు మీ తీగ మీద గివే ఆరేసి ఉండె. నీళ్ళు కారుతుండె. బిడ్డ ఊళ్ళె ఉంటే గుడ్డలు గీడ తడిగ ఎట్లుంటయే?"

నేను ఏడవడం మొదలుపెట్టాను. తీగ సంగతి నాకు తట్టనే లేదు. ఆ మధ్యాహ్నం ఆమె అటూ ఇటూ చూసింది దాన్నే.

"ఎర్కుండి కూడ ఎందుకు పోయినవ్ పెద్దమ్మా?" అని ఎలాగో అడిగాను.

"తలుపు తీస్తే ఆ పిల్ల మొఖం ఏడ బెట్టుకుంటది? ఇంకా కుట్లు మానలే." ఇంకో గుడ్డ మడిచి పెట్టింది. "నువ్వు చెప్పింది నీ అక్క మీది ప్రేమతోని, పావురంతోని. నేను ఇన్నది గూడ గందుకే. ఇగ ఏడ్వకు, బడికి పో."

ఆమె ఆ మాట అక్కతో ఎన్నడూ అనలేదు. నేనూ అనలేదు. అక్క అయిదు నెలలు సగం వంతు, ఆ తర్వాత పూర్తి వంతు కట్టింది. చిట్టీ అయిపోయిన తర్వాత కూడా ప్రతి జీతం రోజూ సాయంత్రం, ఇంటికి వెళ్ళకముందే, ఆ వరండాలో ఆగి మిగిలిన బాకీ కొంచెం కొంచెంగా ఇచ్చింది. రెండుసార్లు మాత్రం ఏమీ ఇవ్వలేకపోయింది. ఆ రెండుసార్లూ కూడా ఆగి, లేవని చెప్పి, మజ్జిగ తాగి వచ్చింది. మరుసటి ఏడాది చలికాలం వచ్చేసరికి పెద్దమ్మ చెవులకు కమ్మలు మళ్ళీ కనిపించాయి. ముషీరాబాదు వెళ్ళి విడిపించుకొచ్చింది అక్కే.

నేను పెద్దయ్యాక మేము తార్నాక నుంచి వేరే చోటికి మారాం. టీచరు ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, ఇంటి స్థలం కోసం ఉద్యోగుల సొసైటీలో అప్పు తీసుకున్నాం. నాకు పాప పుట్టి, ఒంట్లో బాగాలేక జీతం లేని సెలవు పొడిగించాల్సి వచ్చినప్పుడు, వాయిదా తేదీ ఇంకా ఇరవై రోజులు ఉందనగా సొసైటీ ఆఫీసుకు వెళ్ళాను. అడగకముందే వెళ్ళి పరువు తీసుకోవడం ఎందుకని మావారు అన్నారు. కొత్త మనుషులతో మాట్లాడాలంటే నాకు అప్పటికీ అరచేతులు చెమటలు పట్టేవి. కార్యదర్శి బల్ల ముందు నిలబడి, మూడు నెలలు సగమే కట్టగలను, ఆ తర్వాత పూర్తిగా కడతాను అని ముందుగా కాగితం మీద రాసుకున్న రెండు వాక్యాలూ చదివినట్టు చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూసి, దరఖాస్తు రాసిమ్మన్నాడు. అంతే, అంతకంటే ఏమీ జరగలేదు. ఆ మెట్లు దిగుతున్నప్పుడు నా కాళ్ళు ఎంత తేలిగ్గా ఉన్నాయో నాకు తెలుసు. ఆ తర్వాత జీవితంలో ఎన్నో బాకీలు పడ్డాను, డబ్బుకే కాదు, మాటకు కూడా. ఇవ్వలేని రోజున ఇంకో వీధిలోంచి వెళ్ళడం మాత్రం మానేశాను. నా దగ్గర చదువుకునే పిల్లలు ఎవరైనా అబద్ధమాడి దొరికిపోయినప్పుడు, అది ఎవరి మీద ప్రేమతో ఆడారో ముందు చూడడం కూడా అక్కడే నేర్చుకున్నాను.

సెలవు అయిపోయి బడిలో చేరబోయే ముందు, పాపను ఎత్తుకుని ఒకసారి తార్నాక వెళ్ళాను. పెద్దమ్మ అదే వరండాలో ఉంది. చూపు బాగా తగ్గిపోయింది. గొంతు గుర్తుపట్టి దగ్గరికి పిలిచి, పాప మొహమంతా వేళ్ళతో తడిమి చూసింది. ఎక్కడ పని, ఎంత దూరం, పాప ఎవరి దగ్గర ఉంటుంది అన్నీ అడిగింది. చివరికి బాకీలేమన్న ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయి పెద్దమ్మా, సొసైటీకి అన్నాను. వాళ్ళకు చెప్పినవా అంది. చెప్పిన అన్నాను. ఆమె తల ఊపి, పాపను తిరిగి నా చేతుల్లో పెట్టింది. ఆ తర్వాత నేను ఆమెను చూడలేదు. ఆ రోజు ఆమె నాతో అన్న చివరి మాట ఇది:

"చెప్పినంక ఇగ నీ నెత్తి మీద ఏం బరువున్నది బిడ్డా? పోరికి కడుపునిండ పాలిచ్చి, నిమ్మళంగ పో."